సినిమా చూసి చప్పట్లు కొట్టినవాళ్ళం స్టాఫ్ రూములో ఎందుకు తల దించుకుంటాం?

అమ్మా,

మీ ప్రశ్న రెండుసార్లు చదివి, ఒక రాత్రి ఆగి రాస్తున్నాను. అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నారు. జీతాల రిజిస్టరులో ఒక అంకె ఎదురుగా సంతకం పెడితే చేతికి అందులో సగమే వస్తుంది. ఆ రిజిస్టరు ఉండే గది గోడ మీద ‘ఆత్మశుద్ధి లేని ఆచారమదియేల’ పద్యం రంగుల్లో రాయించి ఉంది. వార్షికోత్సవం నాడు అవినీతిని ఎదిరించే కథానాయకుడి సినిమాను తెర కట్టి చూపించారు. అధ్యాపకులందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు అదే అధ్యాపకులు వరుసలో నిలబడి సంతకాలు చేశారు. మీ ముందు నిలబడిన కామర్స్ మేడమ్ కలం మాత్రం కాగితం మీద ఒక్క క్షణం ఆగిందని రాశారు. ఆ తర్వాత అడిగారు: ‘ఇన్ని సినిమాలు, ఇన్ని సిరీస్‌లు చూస్తున్నాం. కపటాన్ని గురించీ, నోరు విప్పడాన్ని గురించీ అవి నిజంగా మనకు ఏమైనా నేర్పుతున్నాయా?’

నేను కడప జిల్లా కళాశాలల్లో ముప్పై మూడేళ్ళు తెలుగు చెప్పాను. అందులో ఇరవై ఏళ్ళకు పైగా శనివారం మధ్యాహ్నాలు విద్యార్థులకు సినిమా చూపించి, తర్వాత గంటసేపు వాళ్ళ చేత మాట్లాడించేవాణ్ణి. మొదట్లో అద్దెకు తెచ్చిన టీవీ, వీడియో క్యాసెట్లు. చివరి రోజుల్లో ప్రొజెక్టరు. ఆ శనివారాల వల్ల నాకు అర్థమైనది ఇది. సినిమా మనకు కపటాన్ని పసిగట్టడం నేర్పుతుంది, అది ఎదుటివాడిదైతే మరీ తొందరగా నేర్పుతుంది. నోరు విప్పడం విషయంలో మాత్రం చాలా సినిమాలు మనల్ని దారి తప్పించాయి. అవి మొదట మాట్లాడిన మనిషినే చూపిస్తాయి. ఆ మనిషి మాట నిలిచేది, రాలిపోయేది పక్కన నిలబడే రెండో మనిషిని బట్టి. అతన్ని చూపించిన సినిమాలు కొన్నే. ఉన్నవాటిలో కూడా మనం అతన్ని గమనించం.

కపటం పాఠాన్ని ‘కన్యాశుల్కం’తో మొదలుపెట్టేవాణ్ణి. గురజాడ నాటకం 1892లో తొలిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1955లో పి. పుల్లయ్య దాన్ని సినిమాగా తీశారు. గిరీశం ఎన్.టి. రామారావు, మధురవాణి సావిత్రి. సినిమా అయిపోయాక ‘ఇందులో కపటి ఎవరు?’ అని అడిగితే తరగతి మొత్తం ఒక్క గొంతుతో గిరీశం పేరు చెప్పేది. నిజమే. వితంతు వివాహం మీద ఉపన్యాసం ఇచ్చి, ఆ ఉపన్యాసాన్నే వలగా విసిరే మనిషి. అయినా అతని మీద ఎవరికీ కోపం రాదు. నవ్వుతాం, ముచ్చటపడతాం, ఇంటికి వెళ్ళి అతని మాటలు అప్పజెబుతాం. గురజాడ గొప్పతనం అక్కడుంది. కపటానికి కోరలుండవనీ, మాటకారితనం ఉంటుందనీ, అది మన చేతే చప్పట్లు కొట్టించుకుంటుందనీ ఆయనకు తెలుసు. మీ కళాశాల ఉత్సవంలో విలువల గురించి మాట్లాడిన పెద్దలు కూడా ఆ సాయంత్రం బాగానే మాట్లాడి ఉంటారు.

తర్వాత సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఈ సంగతి నాటకం చదివితేనే పూర్తిగా బోధపడుతుంది. ఆయన నిజాయితీపరుడైన వకీలు, సంఘం బాగుపడాలని కోరేవాడు, వేశ్యలను దగ్గరికి రానివ్వని నియమం ఉన్నవాడు. హత్య చేయని ముసలివాణ్ణి హత్యకేసు నుంచి తప్పించే నిజం మాత్రం ఆయన గడప తొక్కనివ్వని మధురవాణి దగ్గరే ఉంది. ఆమె మగవేషం వేసుకుని ఆ ఇంటికి రావలసి వచ్చింది. అంటే మంచివాడి ఇంట్లో కూడా మూసిన తలుపు ఒకటి ఉంది.

ఈ పాఠం నాకే ఎదురు తిరిగిన రోజు ఒకటి చెప్పాలి. కపటం గురించి మాట్లాడుతూ శ్రీరంగనీతుల సామెత వాడాను. మీకు తెలిసిందే, నీతులు చెబుతూ ఎవరి గుడిసెల్లోనో దూరేవాళ్ళ మీద సామెత. వెనక వరుసలో ఒక అమ్మాయి లేచి, ‘సార్, ఆ సామెతలో గుడిసెలు మావాళ్ళవి. దూరేవాళ్ళది తప్పయితే తిట్టు మాకెందుకు?’ అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ‘సామెత సామెతే కదమ్మా’ అనబోయాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఆమె పక్కన కూర్చున్న ఇంకో అమ్మాయి, కూర్చున్న చోటినుంచే, ‘అవును సార్’ అంది. అంతే. నేను ఆగాను, క్షమాపణ చెప్పాను, ఆ సామెత మళ్ళీ పలకలేదు. లేచి నిలబడిన అమ్మాయి ధైర్యం గొప్పది. నన్ను నా సమర్థింపు నుంచి ఆపింది మాత్రం కూర్చున్న అమ్మాయి.

మీ గోడ మీది పద్యం సంగతి. 1947లో ‘యోగి వేమన’ తీసిన కె.వి. రెడ్డి మీ జిల్లా తాడిపత్రి ప్రాంతంవారే. చిత్తూరు నాగయ్య వేమనగా నటించారు. దొరికితే చూడండి. ఆ వేమన పుట్టుకతో యోగి కాడు. భోగం వెంట, బంగారం చేసే విద్య వెంట పరుగెత్తి, ఇంట్లో చావు చూసి, ముందు తనను తాను నిలదీసుకున్నవాడు. ‘చిత్తశుద్ధి’ మాట మొదట ఆయన తనకు తాను వేసుకున్న ప్రశ్న. మీ యాజమాన్యం దాన్ని వచ్చేపోయేవాళ్ళ ముఖాల వైపు తిప్పి రాయించింది.

ఇక నోరు విప్పడం. ఇక్కడ మన సీమకు సినిమా చేసిన చెరుపు గురించి చెప్పకుండా ఉండలేను. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’, ఇలా ఒక వరుస నడిచింది. సీమ మనిషి అంటే సుమోలు, వేటకొడవళ్ళు, తొడచరుపులు. కర్నూలు, కడప థియేటర్లలో మొదటి ఆటకు తోసుకున్నదీ మనమే, చదువుకోవడానికి హైదరాబాదు వెళ్ళిన మన పిల్లల్ని ‘మీ ఇంట్లో బాంబులు ఉంటాయా?’ అని అడిగితే నొచ్చుకున్నదీ మనమే. పరువు సంగతి పక్కన పెట్టినా ఇంకో నష్టం మిగులుతుంది. నోరు విప్పడమంటే గర్జించడమని ఆ సినిమాలు ఒక తరానికి నమ్మకం కలిగించాయి. గర్జించలేనివాడు, అంటే మనలో నూటికి తొంభైతొమ్మిది మంది, అది మన పని కాదనుకుని కూర్చున్నారు. నేను జీవితంలో చూసిన నిజమైన ధైర్యవంతులందరూ గొంతు వణుకుతూ మాట్లాడినవాళ్ళే. చేతిలో కాగితం పట్టుకుని, అందులో రాసుకున్నది చదివి, మధ్యలో నీళ్ళు అడిగినవాళ్ళు.

టి. కృష్ణ తీసిన ‘ప్రతిఘటన’ 1985లో వచ్చింది. విజయశాంతి వేసిన ఝాన్సీ కూడా మీలాగే అధ్యాపకురాలు. ఒక పోలీసు అధికారి హత్యను కళ్ళారా చూస్తుంది, సాక్ష్యం చెబుతుంది, అందుకు నడివీధిలో అవమానం పాలవుతుంది. ఆ సినిమా పేరెత్తగానే అందరికీ పాట, చివర్లో గొడ్డలి గుర్తొస్తాయి. నేను మధ్యభాగం గురించి అడిగేవాణ్ణి. అవమానం జరిగినప్పుడు వీధిలో ఎంతమంది ఉన్నారు? ఇంట్లో భర్త ఏం చేశాడు? ఆమె చేతిలో సాక్ష్యం ఉన్నప్పుడు ఒక్కరు పక్కన నిలబడి ఉంటే ఆ చేతికి గొడ్డలి అవసరమయ్యేదా? ఈ ప్రశ్నకు ఒక్కో ఏడు ఒక్కో జవాబు వచ్చేది. మగపిల్లలు చాలామంది భర్త గురించి మాట్లాడటానికి ఇష్టపడేవాళ్ళు కాదు.

రెండో మనిషినే కథానాయికగా నిలబెట్టిన తెలుగు సినిమా ఒకటుంది. సి. ఉమామహేశ్వరరావు తీసిన ‘అంకురం’, 1992 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు పొందింది. రైల్లో ఒక అపరిచితుడి పసిబిడ్డ రేవతి పాత్ర చేతుల్లో మిగిలిపోతుంది. బిడ్డ తండ్రిని వెతుక్కుంటూ వెళ్ళిన ఆమె పోలీసుల చేతిలో మాయమైన మనిషి కథలోకి అడుగు పెడుతుంది. అన్యాయం జరిగింది ఆమెకు కాదు. చుట్టమూ కాదు, కులమూ కాదు. ‘నీకెందుకు ఇదంతా?’ అని ఇంట్లో అడిగిన ప్రతిసారీ ఆమె దగ్గర పెద్ద జవాబు ఉండదు. బిడ్డ ఉంటుంది.

ఇప్పుడు నా సంగతి. ఇది చెప్పకుండా మీకు సలహా ఇచ్చే హక్కు నాకు లేదు.

ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్ళకు ఒక పట్టణంలో పరీక్షల విధులు పడ్డాయి. కిటికీల్లోంచి చిట్టీలు వస్తున్నాయి. కొన్ని గదుల్లో వాటిని అందిస్తున్నది బయటివాళ్ళు కూడా కాదు. అందరికీ తెలుసు. మాలో చిన్నవాడు, కెమిస్ట్రీ అధ్యాపకుడు, మూడు గదుల నంబర్లు వేసి రాతపూర్వకంగా నివేదిక ఇచ్చాడు. ఆ సాయంత్రం చీఫ్ సూపరింటెండెంట్ మమ్మల్ని స్టాఫ్ రూముకు పిలిచారు. పదకొండు మందిమి ఉన్నాం. ఆయన కోప్పడలేదు. నివేదిక బల్ల మీద పెట్టి, చాలా మర్యాదగా, ‘ఈయన చూసినది ఇంకెవరైనా చూశారా?’ అని అడిగారు. నేను చూశాను. ఆ మూడు గదుల్లో ఒకటి నేను రెండురోజులు ఉన్న గది. తలపైన ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. భార్య కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది, నాకు బదిలీ అయితే ఎట్లా అనుకున్నాను. ఎవరైనా అంటే నేనూ అందామనుకున్నాను. పదకొండు మందీ అదే అనుకుని ఉంటాం. ‘అయితే మీరొక్కరే చూశారన్నమాట’ అన్నారాయన. ఆ ఏడు నేను తరగతిలో చెబుతున్న పాఠం ‘కన్యాశుల్కం’.

అతన్ని పరీక్షల విధుల నుంచి తప్పించారు, వేసవి తర్వాత దూరానికి బదిలీ చేశారు. ఎన్నో ఏళ్ళకు నంద్యాల బస్టాండులో కలిశాడు. నేనే ఆ మాట ఎత్తాను. అతను అన్నది ఇది: ‘మీరు చూశారని నాకు తెలుసు సార్. మీరు ఒక మాట అన్నా నా బదిలీ ఆగేది కాదు. కానీ ఆ రాత్రి గదికి వెళ్ళి, నేను చూసింది నిజమేనా అని నన్ను నేను అనుమానించుకున్నాను. ఆ అనుమానం చాలాకాలం పోలేదు. మీరు మాట్లాడి ఉంటే అది ఉండేది కాదు.’

ఇది అతనొక్కడి బలహీనత కాదు. 1950లలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో ఒక ప్రయోగం చేశాడు. కొన్ని గీతలు చూపించి, ఏది ఏ గీతతో సమానమో చెప్పమన్నాడు. జవాబు పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. గదిలో ఒక్కరు తప్ప మిగతావాళ్ళందరూ ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెప్పేవాళ్ళు. ఆ ఒక్కరు మూడింట ఒక వంతు సార్లు తన కళ్ళను కాదని గుంపు జవాబే చెప్పారు. నలుగురితో నారాయణ అంటే ఇదే. అయితే గుంపులో ఒక్కరి చేత నిజమైన జవాబు చెప్పించినప్పుడు ఆ తప్పులు మునుపటిలో నాలుగో వంతుకు పడిపోయాయి. ఎదుట ఇంకా అంతే గుంపు ఉంది. తోడు ఒక్కరే. చాలింది.

1957లో సిడ్నీ లూమెట్ తీసిన ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ ఈ కారణంగానే నాకు ఇష్టం. ఒక కుర్రాడి కేసులో తీర్పు చెప్పవలసిన పన్నెండుమంది జ్యూరీ సభ్యులు, దాదాపు మొత్తం కథ ఒకే గదిలో, గంటన్నర పైచిలుకు. పదకొండు మంది కుర్రాడు దోషి అంటారు, ఒక్కడు కాదంటాడు. అందరూ ఆ ఒక్కణ్ణి, ఎనిమిదో సభ్యుణ్ణి, మెచ్చుకుంటారు. కానీ అతను ఒక దశలో ఓడిపోవడానికి సిద్ధపడతాడు. రహస్యంగా మళ్ళీ ఓట్లు వేయండి, పదకొండూ దోషి అనే వస్తే నేనూ ఒప్పుకుంటాను అంటాడు. చీటీల్లో ఒకటి మారుతుంది. మార్చినవాడు తొమ్మిదో సభ్యుడు, ముసలాయన. కుర్రాడు నిర్దోషి అని నమ్మి కాదు, ఒంటరిగా నిలబడటం కష్టమనీ, అతను తోడు కోరాడు కాబట్టి ఇచ్చాననీ చెబుతాడు. ఆ చీటీ లేకపోతే సినిమా అక్కడే ముగిసేది. నంద్యాల బస్టాండు తర్వాత నేను ఈ సినిమాను మళ్ళీ చూసినప్పుడు ఆ ముసలాయన ముఖం తప్ప ఇంకేమీ కనిపించలేదు.

సిరీస్‌ల గురించి కూడా అడిగారు కాబట్టి ఒకటి చెబుతాను. ‘మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్ట్ ఆఫీస్’, 2024 జనవరిలో బ్రిటన్‌లో ప్రసారమైంది, నాలుగు భాగాలు. అక్కడి తపాలా సంస్థ ‘హొరైజన్’ అనే కంప్యూటర్ వ్యవస్థ తెచ్చింది. అది లెక్కల్లో లేని లోటు చూపిస్తే, ఊళ్ళలో చిన్న తపాలా కార్యాలయాలు నడిపేవాళ్ళను దొంగలన్నారు. 1999 నుంచి 2015 వరకు తొమ్మిది వందలకు పైగా మందికి శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకు వెళ్ళారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. సహాయం కోసం ఫోను చేసిన చాలామందికి వచ్చిన జవాబు: ఈ సమస్య మీ ఒక్కరికే ఉంది. మా స్టాఫ్ రూములో వినిపించిన వాక్యం, సముద్రాల అవతల, అక్షరం పొల్లుపోకుండా. అలాంటి కార్యాలయమే నడిపి నష్టపోయిన అలన్ బేట్స్ చేసిన మొదటి గొప్ప పని ఉపన్యాసం కాదు. 2009లో ఒక పల్లెటూరి సమావేశ మందిరం తీసుకుని, ఇలాంటివాళ్ళు ఇంకా ఉంటే రమ్మన్నాడు. వచ్చారు. తర్వాత 555 మంది కలిసి దావా వేశారు. సిరీస్ వచ్చిన రోజుల వ్యవధిలో ప్రభుత్వం కదిలింది, మే నెలలో శిక్షలు రద్దు చేస్తూ చట్టం వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా వార్తల్లో ఉన్న సంగతే. తెర మీద చూశాక దేశానికి నొప్పి తెలిసింది. కాబట్టి సినిమాలు, సిరీస్‌లు పనికిరావని నేను ఎప్పటికీ అనను.

సినిమా తీసేవాళ్ళు దీనికి అతీతులేమీ కారు. మలయాళ చిత్రసీమలో మహిళల పరిస్థితిపై 2017లో వేసిన హేమ కమిటీ 2019 చివర్లో నివేదిక ఇస్తే, అది 2024 ఆగస్టు దాకా బయటికి రాలేదు. తెర మీద ఆడపడుచుల మానం కాపాడిన కథానాయకులు ఎందరో ఉన్న పరిశ్రమ అది. నివేదిక బయటపడ్డాక ఒకరి తర్వాత ఒకరు, అన్నేళ్ళూ తమకొక్కరికే జరిగిందనుకున్నవాళ్ళు, మాట్లాడటం మొదలుపెట్టారు.

భయం గురించి కూడా నిజం చెప్పాలి. సినిమా దాన్ని రెండు గంటల్లో దాటిస్తుంది. జాతీయ రహదారుల పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి రాసి, తన పేరు రహస్యంగా ఉంచమని కోరిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యాడు. ఆయన పేరు బయటికి పొక్కింది. అలాంటివాళ్ళ రక్షణకు 2014లో చట్టం చేశారు, కానీ దాన్ని అమలులోకి తేలేదు. అందుకే మిమ్మల్ని రేపు ఉదయం ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి గర్జించమని చెప్పను. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఉన్నవాళ్ళను మౌనంగా ఉన్నారని నిందించేవాళ్ళంటే నాకు కోపం.

చేయగలిగినవి ఉన్నాయి. బ్యాంకు ఖాతాలో పడిన జీతం వివరాలు నెలనెలా దాచండి. చేతికిచ్చిందైతే తేదీ, మొత్తం ఒక పుస్తకంలో రాసుకోండి. జీతం గురించి వచ్చిన సందేశాలు చెరపకండి. కళాశాల గుర్తింపు కోసం విశ్వవిద్యాలయానికి అధ్యాపకుల గురించి ఏమి సమర్పించిందో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, మీరే అడగాలని కూడా లేదు. మీకు సంబంధం లేని ఊళ్ళో ఉన్న స్నేహితులెవరైనా అడగవచ్చు. ఆ కాగితాలు చేతికి వచ్చాక ఒక వకీలుతో మాట్లాడండి. ఫిర్యాదు ఇస్తే ఒక్క పేరుతో ఇవ్వకండి.

నేను ఉద్యోగ విరమణకు మూడేళ్ళ ముందు ఒక హాస్టలులో వంటామె బియ్యం బస్తాలు బయటికి పోతున్నాయని సమావేశంలో లేచి చెప్పింది. మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది, ఇంకెవరైనా చూశారా అని. ‘నేనూ చూశాను’ అన్నాను. గొంతు సరిగా రాలేదు. విచారణ ఏడాది సాగింది, ఎవరికీ పెద్ద శిక్ష పడలేదు. బియ్యం మాత్రం ఆ తర్వాత ఇద్దరి ఎదుట తూచి ఇచ్చేవాళ్ళు. వంటామె ఉద్యోగం నిలిచింది.

మీరు చూడవలసిన సినిమాల జాబితా అడిగారు. ప్రస్తుతానికి ఒక్కటే, ఆ పన్నెండుమంది సినిమా. ఒంటరిగా చూడకండి. కామర్స్ మేడమ్‌ను ఒక ఆదివారం ఇంటికి పిలవండి. సినిమా అయ్యాక టీ ఇచ్చి, సంతకం పెట్టే ముందు ఆ రోజు మీ కలం ఎందుకు ఆగింది మేడమ్ అని అడగండి. నేను చూశానని చెప్పండి.